పార్టీలో తర్వాత ఎవరు? నాయకత్వ వారసత్వం గురించి విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

2024 జూన్‌లో తెలుగుదేశం రాష్ట్ర అధ్యక్ష పదవి గాజువాక ఎమ్మెల్యే పల్లా శ్రీనివాసరావుకు వచ్చింది. 2025 జూలైలో బీజేపీ రాష్ట్ర అధ్యక్ష పదవి విశాఖకే చెందిన పీవీఎన్ మాధవ్‌కు దక్కింది. ఏడాది కాస్త దాటేసరికి రెండు పార్టీల రాష్ట్ర పగ్గాలు మన ఊరివాళ్ల చేతికి వచ్చాయి. అయినా ఎక్కడ నలుగురు కూర్చున్నా "పెద్దాయన తర్వాత ఎవరు?" అనే మాట వస్తూనే ఉంది. కార్యకర్తలు, కాలేజీ పిల్లలు, ఓటు తప్ప రాజకీయంతో ఇంకే సంబంధం లేనివాళ్లు కూడా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నా అభిప్రాయం ఉన్నచోట అది నా అభిప్రాయమేనని తెలిసేలా రాశాను.

రాష్ట్ర అధ్యక్షుడు అంటే పార్టీ నాయకుడే కదా? మళ్లీ వారసత్వం గొడవ ఎందుకు?

పార్టీలో మూడు పనులు ఉంటాయి. సంస్థను నడపడం ఒకటి, ఎన్నికల్లో జనం ముందు నిలబడే ముఖం కావడం ఇంకొకటి, టికెట్ ఎవరికో తేల్చడం మూడోది. ప్రాంతీయ పార్టీల్లో ఈ మూడూ ఒకే మనిషి చేతిలో ఉంటాయి. రాష్ట్ర అధ్యక్షుడికి మొదటి పనిలో కొంత వాటా ఇస్తారు. పల్లా బాధ్యత తీసుకునేనాటికి ఆయన పైన జాతీయ అధ్యక్షుడిగా చంద్రబాబు, జాతీయ ప్రధాన కార్యదర్శిగా లోకేశ్ ఉన్నారు. కాబట్టి అధ్యక్షుడు మారినంత మాత్రాన నాయకత్వం మారినట్టు కాదు. వారసత్వం అంటే ఆ మూడు పనులూ, అన్నిటికంటే ముఖ్యంగా టికెట్ ఇచ్చే అధికారం, ఒకరి నుంచి ఇంకొకరికి చేరడం.

ప్రతి చర్చలోనూ 1995 ఎందుకు వస్తుంది?

తెలుగువాళ్లకు రాజకీయ వారసత్వం గురించి అంతకంటే పెద్ద పాఠం లేదు కాబట్టి. దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఆయన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెడితే జనం వీధుల్లోకి వచ్చారు. నెల రోజుల్లో ఎన్టీఆర్ తిరిగి పీఠం ఎక్కారు. ఆ తర్వాత పదేళ్లకు, 1994 డిసెంబరులో, 294 స్థానాల్లో 216 గెలిచారు. అంత బలమున్న నాయకుడు తొమ్మిది నెలలు నిండకముందే పదవి పోగొట్టుకున్నారు. 1995 సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణ స్వీకారం చేశారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు.

1984లో నిలిచిన మనిషి 1995లో ఎందుకు నిలవలేకపోయారు? మొదటిసారి తిరుగుబాటు చేసిన వ్యక్తికి మండలాల్లో మనుషులు లేరు. రెండోసారి పరిస్థితి వేరు. చంద్రబాబు ఏళ్ల తరబడి పార్టీ ప్రధాన కార్యదర్శిగా సంస్థాగత పని చూశారు. ఏ ఎమ్మెల్యేకి ఏ ఇబ్బంది, ఏ జిల్లాలో ఎవరికి ఎవరితో పడదు అన్నది ఆయనకు తెలుసు. హైదరాబాద్ వైస్రాయ్ హోటల్‌లో చేరిన ఎమ్మెల్యేలకు ఎన్టీఆర్ అధినేత, చంద్రబాబు రోజూ మాట్లాడే మనిషి. ఎన్టీఆర్ కొడుకు హరికృష్ణ, అల్లుడు దగ్గుబాటి వెంకటేశ్వరరావు కూడా ఆ సమయంలో అటువైపే నిలబడ్డారు. పార్టీ వ్యవహారాల్లో ఎన్టీఆర్ భార్య లక్ష్మీపార్వతి జోక్యం పెరిగిందన్నది వాళ్లు బయటికి చెప్పిన కారణం. కానీ ఆ అసంతృప్తిని ఒక్కచోటికి చేర్చగలిగింది సంస్థ మీద పట్టున్న మనిషే.

తర్వాత ఏమైందో కూడా చూడాలి. లక్ష్మీపార్వతి 1996లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఉప ఎన్నికలో గెలిచారు. అంటే ఎన్టీఆర్ మీద సానుభూతి మన ఉత్తరాంధ్రలో నిజంగానే ఉంది. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో మాత్రం సైకిల్ గుర్తు ఉన్న చంద్రబాబు వర్గానికి 16 సీట్లు వచ్చాయి, ఆమె వర్గానికి ఒక్కటీ రాలేదు. 1999లో హరికృష్ణ పెట్టిన అన్న తెలుగుదేశానికీ ఏమీ దక్కలేదు. భార్య దగ్గర పేరుంది, కొడుకు దగ్గర రక్తసంబంధం ఉంది. పార్టీ మాత్రం బూత్ దాకా మనుషుల్ని ఎరిగినవాడి వెంట వెళ్లింది.

దీన్ని వెన్నుపోటు అనేవాళ్లున్నారు, పార్టీని కాపాడుకోవడం అనేవాళ్లున్నారు. ముప్పై ఏళ్లుగా ఆ వాదన తెగలేదు. నన్నడిగితే, అంత పెద్ద మార్పు ఒక హోటల్లో జరగాల్సి రావడమే ఆ పార్టీ లోపాన్ని చూపిస్తుంది. నాయకుణ్ణి మార్చడానికి రాసిపెట్టుకున్న దారి ఉండి, దాన్ని అందరూ గౌరవించి ఉంటే, ఇద్దరికీ అంత చేదు మిగిలేది కాదు.

పార్టీ చీలితే గుర్తు ఎవరికి పోతుంది?

1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో 15వ పేరా ప్రకారం ఎన్నికల సంఘం తేలుస్తుంది. కాంగ్రెస్ చీలిక మీద 1971లో సాదిఖ్ అలీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి ఆధారం. చట్టసభల్లోనూ పార్టీ సంస్థలోనూ ఎవరికి మెజారిటీ ఉందన్నదే ప్రధానమైన కొలత. 2017 జనవరిలో సమాజ్‌వాదీ సైకిల్ తండ్రి ములాయం దగ్గర్నుంచి కొడుకు అఖిలేశ్‌కు వెళ్లినా, 2023 ఫిబ్రవరిలో శివసేన విల్లు బాణం ఉద్ధవ్ దగ్గర్నుంచి ఏక్‌నాథ్ శిందేకు వెళ్లినా ఈ కొలతతోనే. శివసేన విషయంలో సంస్థాగత మెజారిటీ ఎవరిదో నమ్మకంగా తేల్చలేమని చెప్పి, చట్టసభ సభ్యుల లెక్క మీదే నిర్ణయించారు.

ఫిరాయింపుల చట్టం వేరే సంగతి. 1985లో వచ్చినప్పుడు అందులో మూడింట ఒక వంతు సభ్యులు చీలితే అనర్హత ఉండేది కాదు. 1995 నాటికి ఆ వెసులుబాటు అమల్లోనే ఉంది. 2003లో 91వ రాజ్యాంగ సవరణతో దాన్ని తీసేశారు. ఇప్పుడు మిగిలింది మూడింట రెండు వంతుల మందితో విలీనం ఒక్కటే. సభలో ఓటు ఎటు వేయాలో సభ్యులకు ఆదేశించే విప్‌ను నియమించే హక్కు పార్టీదే, శాసనసభా పక్షానిది కాదని 2023 మేలో సుప్రీంకోర్టు శివసేన కేసులో స్పష్టం చేసింది.

2009లో వైఎస్ పోయాక కాంగ్రెస్ ఏం పొరపాటు చేసింది?

2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో వైఎస్ రాజశేఖరరెడ్డి చనిపోయారు. మర్నాడే రోశయ్య ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికే ఎక్కువమంది ఎమ్మెల్యేలు జగన్ కోసం సంతకాలు చేస్తున్నారు. అధిష్ఠానం ఒప్పుకోలేదు. తర్వాత, వైఎస్ మరణం తట్టుకోలేక చనిపోయినవాళ్ల కుటుంబాలను కలవడానికి జగన్ తలపెట్టిన ఓదార్పు యాత్ర దగ్గర పేచీ వచ్చింది. 2010 నవంబరులో జగన్ కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. 2011 మార్చిలో సొంత పార్టీ మొదలైంది.

రాష్ట్ర నాయకుడి పేరు మీద ఓటు తెచ్చుకున్న పార్టీ, ఆయన పోయాక నిర్ణయం ఢిల్లీలో తీసుకుంది. కుమారుడికి పదవి ఇవ్వకపోవడం తప్పని నేను అనను. మొదటిసారి ఎంపీ అయిన వ్యక్తిని వెంటనే ముఖ్యమంత్రిని చేయాలన్న నియమం ఎక్కడా లేదు. అయితే కాదన్నప్పుడు ఇంకొక బలమైన నాయకత్వాన్నైనా నిలబెట్టాలి. ఐదేళ్లలో ఇద్దరు ముఖ్యమంత్రుల్ని మార్చి, దాని మీద రాష్ట్ర విభజన కూడా వచ్చిపడ్డాక 2014లో మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు 175లో ఒక్క సీటూ రాలేదు. 2019లోనూ, 2024లోనూ అదే ఫలితం.

పెద్ద పేరున్న కుటుంబం నుంచి వస్తే విశాఖలో గెలుపు ఖాయమేనా?

కాదు. ఈ విషయంలో మన నగరం చాలా స్పష్టంగా మాట్లాడింది.

విశాఖ లోక్‌సభ స్థానం బయటి నుంచి వచ్చినవాళ్లకు ఎప్పుడూ తలుపు మూయలేదు. టి.సుబ్బరామిరెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి ఇద్దరూ నెల్లూరువాళ్లు, ఇద్దరూ ఇక్కడ గెలిచారు. 2009లో ఎన్టీఆర్ కూతురు పురందేశ్వరి కాంగ్రెస్ తరఫున గెలిచారు. పోర్టు, స్టీల్ ప్లాంటు, నేవీ, యూనివర్సిటీ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడిన ఊరు కాబట్టి "నువ్వు ఏ ఊరివాడివి" అన్నది ఇక్కడ మొదటి ప్రశ్న కాదు.

అలాంటి చోట 2014లో వైఎస్ విజయమ్మ ఓడిపోయారు. భర్త పోయి ఐదేళ్లు కూడా కాలేదు, సానుభూతి ఉంది, పార్టీ ఊపు మీద ఉంది. బీజేపీ నుంచి నిలబడ్డ కంభంపాటి హరిబాబు 90 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. హరిబాబు ఆంధ్ర విశ్వకళాపరిషత్ (ఏయూ)లో పాఠాలు చెప్పిన మనిషి, ఊరికి ముప్పై, నలభై ఏళ్లుగా తెలిసిన ముఖం. ప్రత్యర్థులు స్థానికేతర అభ్యర్థి అనే మాటనూ భూముల భద్రత అనే భయాన్నీ గట్టిగా వాడుకున్నారు. ఆ లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లూ తెలుగుదేశం, బీజేపీ కూటమికే వెళ్లాయి.

2019లో పవన్ కల్యాణ్ గాజువాకలో నిలబడ్డారు. సభలకు వచ్చిన జనాన్ని చూసినవాళ్లెవరూ ఆయన ఓడిపోతారని అనుకోలేదు. వైఎస్సార్‌సీపీ అభ్యర్థి తిప్పల నాగిరెడ్డి 16 వేలకు పైగా తేడాతో గెలిచారు. అంతకు పదేళ్ల ముందు ప్రజారాజ్యం నుంచి అల్లు అరవింద్ అనకాపల్లి లోక్‌సభకు పోటీ చేసి ఓడారు. అభిమానం వేరు, వార్డులో ఓటరు జాబితా పట్టుకుని తిరిగే మనిషి ఉండటం వేరు.

శ్రీభరత్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తాతగారు ఎంవీవీఎస్ మూర్తి గీతం వ్యవస్థాపకులు, ఇక్కడి మాజీ ఎంపీ. మామగారు బాలకృష్ణ. 2019లో నగరంలోని నాలుగు అసెంబ్లీ సీట్లనూ, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, తెలుగుదేశమే గెలిచింది. రాష్ట్రమంతా వైఎస్సార్‌సీపీకి 151 వచ్చిన ఏడాది అది. అంత అనుకూలమైన నగరంలోనూ శ్రీభరత్ 4,414 ఓట్లతో ఎంవీవీ సత్యనారాయణ చేతిలో ఓడారు. జనసేన నుంచి నిలబడ్డ మాజీ సీబీఐ అధికారి లక్ష్మీనారాయణకు 2 లక్షల 80 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. ఓడిన తర్వాతా శ్రీభరత్ నియోజకవర్గాన్ని వదిలిపెట్టలేదు. 2024లో 5 లక్షలు దాటిన మెజారిటీతో గెలిచారు. కూటమి గాలి ఉంది నిజమే, పొత్తులో ఓటు చీలకపోవడం అన్నిటికంటే పెద్ద కారణం. ఓడినచోటే ఐదేళ్లు ఉండిపోవడాన్ని కూడా నేను లెక్కలోకి తీసుకుంటాను.

ఉత్తరాంధ్రలో నిలబడిన వారసత్వాలు లేవా?

బోలెడు. శ్రీకాకుళంలో ఎర్రన్నాయుడు 2012 నవంబరులో రోడ్డు ప్రమాదంలో పోయారు. కొడుకు రామ్మోహన్‌నాయుడు 2014లో ఎంపీ అయ్యారు. 2019లో అంత ఎదురుగాలిలోనూ స్వల్ప తేడాతో నిలబడ్డారు. 2024లో మూడోసారి గెలిచి కేంద్రంలో పౌర విమానయాన మంత్రి అయ్యారు. విజయనగరంలో అశోక్ గజపతిరాజు కూతురు అదితి 2019లో ఓడి, 2024లో గెలిచారు. పల్లా శ్రీనివాసరావు తండ్రి సింహాచలం ఎమ్మెల్యేగా చేశారు. గుడివాడ అమర్‌నాథ్ తండ్రి గురునాథరావు ఎంపీగా చేశారు. బీజేపీలో మాధవ్ తండ్రి పీవీ చలపతిరావు కూడా ఒకప్పుడు ఆ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడే.

వీళ్లలో నిలదొక్కుకున్నవాళ్లను గమనిస్తే ఒక విషయం కనిపిస్తుంది. తండ్రి దగ్గర పనిచేసిన మండల స్థాయి మనుషులు చెదిరిపోకుండా బాబాయో, పాత అనుచరుడో పట్టుకుని ఉన్నారు. ఎర్రన్నాయుడు ఇంట్లో ఆ పని అచ్చెన్నాయుడు చేశారు. వారసుడు కుదురుకునేవరకు ఇంకొకరు భారం మోయడం కూడా వ్యూహమే. దాని గురించి పత్రికలు తక్కువ రాస్తాయి.

వారసులందరూ పాదయాత్రే ఎందుకు చేస్తారు?

తండ్రి నెట్‌వర్క్ మీద కాకుండా సొంతంగా మనుషుల్ని సంపాదించుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం మన రాష్ట్రంలో దొరకలేదు. 2003లో వైఎస్ చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. జగన్ 2017 నవంబరులో ఇడుపులపాయలో మొదలుపెట్టి 2019 జనవరి 9న 3,648 కిలోమీటర్ల దగ్గర అదే ఇచ్ఛాపురంలో ముగించారు. తండ్రి ఆపినచోటే కొడుకు ఆపడం యాదృచ్ఛికం కాదు.

రెండో కుటుంబానికి ఆ చోటు మన అగనంపూడి. చంద్రబాబు 2012 అక్టోబరు 2న హిందూపురంలో మొదలుపెట్టిన యాత్ర 2013 ఏప్రిల్‌లో అక్కడే ముగిసింది. లోకేశ్ 2023 జనవరి 27న కుప్పంలో మొదలుపెట్టిన యువగళం 3,132 కిలోమీటర్ల తర్వాత 2023 డిసెంబరు 18న అక్కడికే చేరింది. మధ్యలో 2023 సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టు కావడంతో యాత్ర రెండు నెలలకు పైగా ఆగింది. ఆ రోజుల్లో పార్టీ తరఫున ఢిల్లీలో లాయర్లతో, జాతీయ నాయకులతో మాట్లాడింది లోకేశ్. 2019లో మంగళగిరిలో ఓడిపోయిన వ్యక్తిని పార్టీలో చాలామంది తర్వాతి నాయకుడిగా నిజంగా ఒప్పుకున్నది ఆ నెలల్లోనేనని నా నమ్మకం. 2024లో అదే మంగళగిరిలో ఆయనకు 91 వేలకు పైగా మెజారిటీ వచ్చింది.

పదవి ఇచ్చినంత మాత్రాన ఈ ఆమోదం రాదు. 2017లో ఎమ్మెల్సీ చేసి మంత్రిని చేసినప్పుడు రాలేదు కదా.

వారసుణ్ణి ఎప్పుడు ప్రకటిస్తే మంచిది?

నాయకుడు బలంగా ఉన్నప్పుడే, మెల్లమెల్లగా. డీఎంకేలో స్టాలిన్ యువజన విభాగం నుంచి మొదలై, 1996లో చెన్నై మేయరు, 2009లో ఉప ముఖ్యమంత్రి, 2017 జనవరిలో పార్టీ వర్కింగ్ ప్రెసిడెంట్ అయ్యారు. 2018 ఆగస్టులో కరుణానిధి పోయేసరికి తేల్చాల్సింది ఏమీ మిగల్లేదు. దారిలో వైకో 1993లో, అన్న అళగిరి 2014లో పార్టీ బయటికి పోవాల్సి వచ్చింది. ఆ ఖర్చు కూడా లెక్కలో రాసుకోవాలి.

పక్కనే అన్నాడీఎంకే చూడండి. 1987 డిసెంబరులో ఎంజీఆర్ పోయారు. భార్య జానకి 24 రోజులు ముఖ్యమంత్రిగా ఉన్నారు, పార్టీ రెండైంది, రెండాకుల గుర్తును స్తంభింపజేశారు. 1989 ఎన్నికల్లో జయలలిత వర్గానికి 27, జానకి వర్గానికి 2 సీట్లు వచ్చాయి. జనం తేల్చేశాక పార్టీ ఒకటైంది. అదే జయలలిత 2016 డిసెంబరులో పోయేటప్పటికి తన తర్వాత ఎవరో చెప్పలేదు. పన్నీర్‌సెల్వం, శశికళ, పళనిస్వామి మధ్య ఏళ్ల తరబడి నలిగింది పార్టీయే. స్వయంగా అంత బాధ అనుభవించి వచ్చిన నాయకురాలు ఆ మాట చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మనకు ఇంకా దగ్గరిది ఒడిశా. విశాఖ ఆసుపత్రులకూ కాలేజీలకూ వచ్చే కొరాపుట్, రాయగడ జనం 2024లో ఇదే మాట్లాడుకున్నారు. నవీన్ పట్నాయక్ 2000 మార్చి నుంచి 2024 దాకా ముఖ్యమంత్రి. పెళ్లి చేసుకోలేదు, కుటుంబం నుంచి ఎవరినీ తేలేదు. తమిళనాడు నుంచి వచ్చిన ఐఏఎస్ అధికారి వీకే పాండియన్ 2023లో ఉద్యోగం వదిలి బీజేడీలో చేరేసరికి వారసుడు ఆయనేనన్న ప్రచారం మొదలైంది. బీజేపీ దాన్ని ఒడియా ఆత్మాభిమానం ప్రశ్నగా మార్చింది. 147 స్థానాల్లో బీజేపీకి 78, బీజేడీకి 51 వచ్చాయి. లోక్‌సభలో బీజేడీకి ఒక్కటీ రాలేదు. పాండియన్ తన వారసుడు కాదని నవీన్ చెప్పారు, ఆ తర్వాత పాండియన్ క్రియాశీల రాజకీయాల నుంచి తప్పుకున్నారు. ఇరవై నాలుగేళ్లలో రెండో వరుస నాయకుల్ని ఎదగనిచ్చి ఉంటే ఆ ప్రచారానికి అంత చోటు దొరికేది కాదు.

ఇద్దరు వారసులు ఉంటే?

పార్టీ రెండవుతుంది, లేదా ఒకరు బయటికి వెళ్తారు. జగన్ చెల్లెలు షర్మిల 2021లో తెలంగాణలో పార్టీ పెట్టి, 2024 జనవరిలో కాంగ్రెస్‌లో కలిపి, ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. తెలంగాణలో కేసీఆర్ కొడుకు కేటీఆర్ 2018 డిసెంబరు నుంచే వర్కింగ్ ప్రెసిడెంట్‌గా ఉన్న పార్టీ నుంచి ఆయన చెల్లెలు కవితను 2025 సెప్టెంబరులో సస్పెండ్ చేశారు. ఇంట్లో పంపకం కుదిరినా కేడర్‌ను పంచలేరు.

కమ్యూనిస్టులు, బీజేపీ, కాంగ్రెస్‌లో పద్ధతి వేరేనా?

కాగితం మీద చాలా వేరు. ఆచరణలో ఎంత వేరన్నది పార్టీని బట్టి ఉంటుంది.

సీపీఎం పద్ధతిని విశాఖ కళ్లారా చూసింది. 2015 ఏప్రిల్‌లో ఆ పార్టీ 21వ మహాసభలు ఇక్కడే జరిగాయి. ప్రధాన కార్యదర్శి పదవికి మూడు దఫాల పరిమితి ఉంది కాబట్టి ప్రకాశ్ కారత్ దిగిపోయారు, ఏప్రిల్ 19న మన తెలుగువాడు సీతారాం ఏచూరి ఎన్నికయ్యారు. ఎవరి కొడుకు, ఎవరి అల్లుడు అన్న మాట అందులో లేదు. మరి ఓట్లు ఎందుకు రావడం లేదు అంటారు. మంచి వారసత్వ నియమం పార్టీని చీలకుండా కాపాడుతుంది, జనంలో ఎదగడానికి ఇంకేవో కావాలి.

బీజేపీలో అధ్యక్షుడి పదవీకాలం మూడేళ్లు, పార్టీ నియమావళిలోనే రాసి ఉంది. ఏయూలో లా చదువుతూ విద్యార్థి సంఘం నాయకుడిగా ఎదిగిన వెంకయ్యనాయుడు 2002లో జాతీయ అధ్యక్షుడయ్యారు. తండ్రి పేరు లేకుండా ఈ ఊరి క్యాంపస్ నుంచి అంత దూరం వెళ్లే దారి ఒక పార్టీలో ఉందంటే అది ఆ పార్టీ బలమే. రాష్ట్ర అధ్యక్షులు మాత్రం దాదాపు ఎప్పుడూ పైనుంచి వచ్చిన పేరుతో ఏకగ్రీవంగానే ఎన్నికవుతారు.

కాంగ్రెస్‌లో 2022 అక్టోబరులో ఓటింగ్ జరిగింది. ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 ఓట్లు. గాంధీ కుటుంబం మొగ్గు ఎటో అందరికీ తెలిసిన పోటీయే అయినా, ఓడిన మనిషికి వెయ్యి ఓట్లు రావడం చిన్న విషయం కాదు.

శాశ్వత అధ్యక్షుడు అనే పదవి ఉండొచ్చా?

2022 జూలై ప్లీనరీలో వైఎస్సార్‌సీపీ జగన్‌ను శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్టు వార్తలొచ్చాయి. పార్టీల్లో క్రమం తప్పకుండా ఎన్నికలు జరగాలని, శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం ఆ సెప్టెంబరులో తేల్చి చెప్పింది. అయితే సంఘానికి పళ్లు తక్కువ. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద పార్టీని నమోదు చేస్తుంది కానీ, అంతర్గత ఎన్నికలు సరిగా జరపలేదని నమోదు రద్దు చేసే అధికారం దానికి లేదు. సుప్రీంకోర్టు 2002 తీర్పు ఆ హద్దు గీసింది. మిగతా పార్టీల్లో ఆ మాట వాడకపోయినా, ప్రతి రెండు మూడేళ్లకు ఒకే వ్యక్తి ఏకగ్రీవంగా ఎన్నికవుతుంటే ఫలితం అదే.

విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కార్పొరేటర్లు పార్టీలు మారడానికీ దీనికీ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. 2021లో 98 వార్డుల్లో వైఎస్సార్‌సీపీ 58 గెలిచింది. 2025 ఏప్రిల్‌లో అదే కౌన్సిల్‌లో మేయరు హరి వెంకటకుమారి మీద అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది. మధ్యలో ఎన్నిక జరగలేదు, వార్డు ఓటరును ఎవరూ అడగలేదు. రెండు వైపులా శిబిరాలు నడిచాయి.

కింది స్థాయి నాయకుడికి పార్టీలో ఎదిగే దారి లేనప్పుడు ఆయన విధేయత అధికారం వైపే ఉంటుంది. ఎంత కష్టపడినా ఎమ్మెల్యే టికెట్ ఎమ్మెల్యే కొడుక్కే అని తెలిసిన కార్పొరేటరు పార్టీ కష్టకాలంలో ఎందుకు ఉండాలి? ఫిరాయింపును నేను సమర్థించను. ఓటు వేసినవాళ్లకు అది అన్యాయం. కానీ పైన వారసత్వం గట్టిపడేకొద్దీ కింద నిలకడ తగ్గుతుందని పార్టీలు గుర్తించాలి.

అంటే కుటుంబ వారసత్వం తప్పేనా?

నాయకుడి బిడ్డ రాజకీయాల్లోకి రావడం తప్పు కాదు. వార్డు మెంబరు కొడుకుకున్న హక్కే ముఖ్యమంత్రి కొడుకుకూ ఉంది. పోటీ లేకుండా రావడం దగ్గరే నా అభ్యంతరం. పార్టీ లోపల ఒక్కసారైనా రహస్య బ్యాలెట్ మీద ఇంకొకరితో తలపడి గెలిస్తే ఆ వారసుడి బలం పెరుగుతుంది. ఓడిపోతాడన్న భయంతో ఆ పోటీ పెట్టకపోతే, అదే పరీక్ష బయట ప్రత్యర్థి పెడతాడు. ఈ ప్రాంతం నుంచి ఎంతోమంది చదువుకున్న యువకులు, మత్స్యకార బస్తీల పిల్లలు, స్టీల్ ప్లాంటు ఉద్యమంలో రోజుల తరబడి టెంట్లలో కూర్చున్న కార్మికులు రాజకీయాల్లో ఎదగాలని నా ఆశ. వాళ్లకు దారి ఉండాలంటే పార్టీ లోపల ఓటు ఉండాలి.

మహిళా రిజర్వేషన్ వస్తే వారసత్వ రాజకీయం మారుతుందా?

2023లో 106వ రాజ్యాంగ సవరణ చట్టసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాత అమలు కావాలన్నది అందులోని షరతు. మొదట్లో చాలా కుటుంబాలు భార్యనో, కూతుర్నో, కోడల్నో నిలబెడతాయి. మన స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి కాబట్టి ఇది కొత్త అనుభవం కాదు. సంతకం ఆమెది, ఫోన్ ఎత్తేది భర్త అన్న వార్డులు అందరికీ తెలుసు. అలాగే మొదటి టర్ములో భర్త మాట విని, రెండో టర్ముకు అధికారులతో నేరుగా మాట్లాడుతున్న మహిళా కార్పొరేటర్లూ ఉన్నారు. అందుకే రిజర్వుడు వార్డుల్ని ప్రతి ఎన్నికకూ మార్చకుండా కనీసం రెండు దఫాలు ఉంచాలంటాను.

నేను మామూలు కార్యకర్తను. నా పార్టీలో అసలు నాయకుడెవరో, తర్వాత ఎవరో ఎలా తెలుసుకోవాలి?

ముందు మీ పార్టీ నియమావళి చదవండి. నమోదైన పార్టీల నియమావళులు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దొరుకుతాయి. అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకుంటారో, పదవీకాలం ఎంతో అందులో ఉంటుంది. సభ్యత్వ కార్డు తీసుకునేటప్పుడు మీకు ఏ కమిటీ ఎన్నికలో ఓటు ఉందో అడగండి. "పైనుంచి పేరు వస్తుంది" అన్న జవాబు వస్తే, పైన అంటే ఎవరో కూడా అడగండి.

తర్వాత బీ-ఫారం, అంటే ఫలానావారు మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం, చూడండి. అభ్యర్థులకు బీ-ఫారం ఇచ్చే అధికారం ఎవరికి ఉందో పార్టీ ముందుగా ఏ-ఫారం ద్వారా ఎన్నికల అధికారులకు తెలియజేయాలి. ఆ సంతకం ఎవరిదో, మీ నియోజకవర్గంలో ఆ పత్రం ఎవరి చేతుల మీదుగా అభ్యర్థికి అందిందో గమనిస్తే చాలా విషయాలు తెలుస్తాయి. ఇన్‌ఛార్జి మారినప్పుడు బూత్ కమిటీలు ఎవరి జాబితా ప్రకారం మారుతున్నాయో కూడా చూడండి. పేర్లు ఎవరి ఇంటి నుంచి వస్తున్నాయో మీ డివిజన్ అధ్యక్షుడికి తెలుసు, టీ తాగుతూ అడిగితే చెబుతాడు.